మందు ముట్టని పంతులు

కోడి కూసేసరికే రాజయ్య సైకిలుకు గాలి కొట్టడం ముగించి, వెనక క్యారియర్ మీద గోనెసంచి మడిచి కట్టాడు. నాగవ్వ కంజిర చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. గడప దాటుతూ ఒక్క క్షణం ఆగి గోడ పట్టుకుంది. రాజయ్య చూశాడు. చూడనట్టే సైకిలు స్టాండు తీశాడు.

"పోదమా?"

"ఆఁ, పా," అంది భర్తతో.

వాళ్ళు ఎల్లారెడ్డిలో కాపురం పెట్టి పదిహేడేళ్ళయింది. అంతకుముందు కామారెడ్డిలో రైలుగేటు పక్కన రేకుల గది. పిల్లలు కలగలేదు. సువార్త పని అంటే పెద్ద పెద్ద సభలనుకునేరు. వీళ్ళ పనంతా తెల్లారగట్లే. నాట్లయినా కోతలయినా, కూలీలు పొలాలకు కదలకముందే ఊరు చేరాలి. లేకపోతే వాక్యం వినడానికి కుక్కలు తప్ప ఎవరూ మిగలరు. ముందుగా నాగవ్వ వాడ మొదట్లో నిలబడి కంజిర కొట్టి పాట ఎత్తుకునేది. ఆడవాళ్ళు చేతిలో చీపుర్లతోనే వచ్చేసేవారు. పాట అయ్యాక రాజయ్య మాట్లాడేవాడు. ఆయన బాగానే మాట్లాడేవాడు గాని, జనం వచ్చేది ఆమె పాటకని ఆయనకూ తెలుసు. కలరా గత్తర వచ్చిన ఏడాది ఒక ఊళ్ళో శవాలు ముట్టడానికి ఎవరూ రాకపోతే, ఈ ఇద్దరే ముందొకరు వెనకొకరు పట్టి మోశారు.

డెబ్బై మూడులో రాజయ్యకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం దిగలేదు. మందు వద్దన్నాడు, ప్రార్థనే చాలన్నాడు, బతికాడు. లేచి నిలబడ్డ ఆదివారమే కూడికలో అందరి ముందూ, "నా ఇంట్ల మందు అడుగు పెట్టది," అని చెప్పాడు. ఆ మాట ఊళ్ళకు ఊళ్ళు పాకింది. మందు ముట్టని పంతులట, చూసొద్దామని జనం కదిలారు. ఎన్నో కుటుంబాలు ఆ మాట పట్టుకునే బాప్తిస్మం తీసుకున్నాయి. ఆ పేరంటే రాజయ్యకు ప్రాణం. గర్వం కాదు, దేవుని మహిమ అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. ఆ మూడు వారాలూ గంజి కాచి, దుప్పట్లు ఉతికి, నిద్ర లేకుండా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నాగవ్వ. తాను బతికిన సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ సంగతి మాత్రం ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు తొంభై ఒకటి. ఏడాదిన్నరగా నాగవ్వకు దగ్గు. పొద్దు వాలితే జ్వరం. రవికె భుజాల మీద నిలవడం లేదు. రాజయ్య రోజూ ఆమె తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసేవాడు. చేస్తూ చేస్తూ ఉండగా, దవాఖానకు తీసుకుపోతే ఏమవుతుంది అనిపించేది. బస్సులోనే ఎవరో ఒకరు చూస్తారు. సాయంత్రానికి పది ఊళ్ళకు తెలుస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. భార్య బతకాలి, ఇచ్చిన మాటా బతకాలి. రెండు భారాలూ దేవుడి మీదే వేసి ఊరుకున్నాడు.

కోడి కూతతో బయల్దేరిన ఆ రోజు, వాగు అవతలి ఊరికి వెళ్ళేలోగా ఆమె దగ్గుకు మూడుచోట్ల సైకిలు ఆపాల్సి వచ్చింది. ఊళ్ళో పాట రెండో చరణంలోనే ఆమె గొంతు పోయింది. నాగవ్వ మాత్రం కంజిర ఆపలేదు. ఆడవాళ్ళే పాట అందుకుని చివరిదాకా పాడారు.

పాట ముగిశాక పోచయ్య అనే కూలి కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. వారం నుంచి జ్వరమట. పిల్ల కళ్ళు తెరవడం లేదు.

"దవాఖానకు తీస్కపోమని మా తమ్ముడు అంటుండు పంతులూ. మీరెట్ల చెప్తె గట్ల."

రాజయ్య కళ్ళు మూసుకుని చేయి చాచాడు. నోరు తెరిచేలోపే పక్కనుంచి బొంగురు గొంతుతో నాగవ్వ అందుకుంది.

"తీస్కపో పోచన్నా. ఇయ్యాల్నే తీస్కపో. డాక్టర్లకు గా తెలివి ఇచ్చింది గూడ దేవుడే. పంతులు ప్రార్థన జేస్తడు, నువ్వు బస్సెక్కు."

అందరూ రాజయ్య ముఖం వైపే చూశారు. ఆయన పొడిపొడిగా నాలుగు మాటల ప్రార్థన చేసి ఆమెన్ అన్నాడు. పోచయ్య ఇదేమీ పట్టించుకోలేదు. పిల్లను గట్టిగా హత్తుకుని బస్సాగే చోటుకు పరుగెత్తాడు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు.

"కోపమొచ్చిందా?" అంది నాగవ్వ వెనకనుంచి.

"ఇరవై ఏండ్ల సంది నేను చెప్పింది ఒక్క మాటతోని పోగొడ్తివి."

"పిల్ల బతుకుతది గదా."

రాజయ్య పెడలు మరింత గట్టిగా తొక్కాడు. మోదుగుచెట్ల మలుపు తిరిగాక ఆమె తల మెల్లగా వచ్చి ఆయన వీపుకు ఆనింది. రాజీకి వచ్చిందనుకున్నాడు. ఆ వెచ్చదనానికి కోపం కరిగిపోయింది. ఎవరేమనుకుంటారోనని చూడకుండా పరుగెత్తిన పోచయ్య గుర్తొచ్చాడు. వాడికున్నపాటి ప్రేమ తనకు లేదా?

"రేపు కామారెడ్డికి పోదం," అన్నాడు ముందుకే చూస్తూ. "డాక్టరుకు చూపిస్త. ఎవడేమన్న అనుకోని."

అనేశాక ఆయన గుండె తేలికపడింది. ఏడాదిన్నరగా రాని మాట ఇంత సులువుగా వచ్చినందుకు ఆశ్చర్యపోయాడు. ఆమె పలకలేదు. నిద్రపోయిందనుకున్నాడు. వీపు తడిగా ఉంటే చెమట అనుకున్నాడు. నడుము చుట్టూ ఉన్న చేయి జారిపోయినప్పుడు గాని బ్రేకు వేయలేదు. సైకిలు వదిలేసి ఆమెను రెండు చేతులా పట్టుకున్నాడు. నాగవ్వ పెదవి చివర నెత్తురు ఉంది. ఊపిరి లేదు.

మర్నాడు పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి, ఆమె నేర్పిన పాటలే పాడుతూ ఆమెను మట్టికి అప్పగించారు. "పానం పోయేదాక మందు ముట్టలే మా పంతులమ్మ," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా రాజయ్యకు ఆ గుంతలోనే తానూ పడుకోవాలనిపించింది.

మూడోనాడు వెనక వీధిలో బట్టలు కుట్టే ఖాజాబీ వచ్చింది. కొంగు చాటున ఏదో పట్టుకుని గడప దగ్గరే నిలబడింది.

"పంతులూ, అక్కకు టీబీ. మీకు స్త్రీల కూడికని చెప్పి, నెలనెలా నా పాత బుర్ఖా ఏస్కొని నాతోని కామారెడ్డి దవాఖానకు వచ్చేది. గోలీలు నా ఇంట్లనే దాచింది. రోజూ పొద్దుగాల పరగడుపున వచ్చి ఏస్కునేది."

రాజయ్య గోడకు చేరబడ్డాడు.

"మరి ఎందుకు తగ్గకపాయెనమ్మా?"

"మీరు తెల్లారకముందే ఊర్లకు తీస్కపోయిన దినాలు ఏస్కోకపాయె. గోలీలు ఎంబడి తీస్కపో అక్కా అంటి. ఆయన చూస్తడన్నది. మధ్యల ఆపొద్దని డాక్టరు తిట్టిండు. మీకు చెప్తనంటే నా చెయ్యి పట్టుకుంది. 'మా ఆయన మాట మీద ఇన్ని ఊర్లు నిలవడ్డయి. నా కోసం ఆ మాట పోవద్దు' అన్నది."

ఖాజాబీ కళ్ళు తుడుచుకుంది. చేతిలోది గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

రాజయ్య చేయి చాచి దాన్ని అందుకున్నాడు. అది చిన్న రేకు డబ్బా. మూత తీస్తే, ఆయన నాగవ్వను సైకిలెక్కించుకుని బయల్దేరిన పొద్దులన్నిటి ఎర్రగోలీలూ అడుగున ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.