నొసటి కాసు

పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. హోసూరు బస్టాండు వెనక స్పేర్‌పార్ట్స్ అంగడి నడిపే కేశవులుకు పట్టిన బుద్ధి మాత్రం పగవాడికి కూడా పట్టకూడదని అతని భార్య ప్రవీణ మొక్కుకునేది. తోటివాళ్ళు నగలో సైటో కొంటుంటే, ఈ మహానుభావుడు ఆదివారమైతే చాలు, బెంగుళూరు బస్సెక్కి చెన్నకేశవ అనే పాత నాణేల వ్యాపారి దగ్గరికి పోయేవాడు. పచ్చగా చిలుము పట్టిన కంచు బిళ్ళలు కొని, బంగారం తెచ్చినట్టు జేబు పట్టుకుని ఇల్లు చేరేవాడు. పోనీ మన రాజులవా అంటే అవీ కావు. సముద్రాల అవతల గ్రీకు దేశానివి, రెండువేల ఏళ్ళకు పైబడినవి.

వాటిలో ఒకటి అతని పంచప్రాణాలు. ఒకవైపు కొప్పు పెట్టుకున్న ఆడమనిషి తల, రెండోవైపు పడవ ముక్కు. ఏళ్ళ తరబడి వెతగ్గా దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కేశవులు గంటలకొద్దీ తిప్పి తిప్పి చూసేవాడు. ఎవరు అచ్చు కొట్టారో, దీంతో ఎవరు ఏ సంతలో చేపలు కొన్నారో, ఎన్ని చేతులు మారి, ఎంతకాలం మట్టికింద పడుకుని ఈ హోసూరు మిద్దెలోకి వచ్చిందో! తలచుకుంటే ఒళ్ళు జలదరించేది. కాకిపిల్ల కాకికి ముద్దు, ఏం చేస్తాం.

రెండువేల మూడులో, వానలు మొదలైన రోజుల్లో, అతని తండ్రి వెంకటప్ప పోయాడు. ఉద్దనపల్లిలో సేద్యం చేసుకునే మనిషిని వైద్యానికని హోసూరుకు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగిపోయాడు. మహారాజు, ఎవరినీ తిప్పలు పెట్టలేదు. ఉద్దనపల్లిలో సొంత చేన్లోనే పూడ్చాలి గనక కేశవులు వ్యాను మాట్లాడటానికి పరుగెత్తాడు.

ఇంట్లో పెత్తనమంతా వెంకటప్ప చెల్లెలు నాంచారమ్మది. అన్నకు స్నానం చేయించింది, కొత్త పంచె కట్టించింది, నొసట గంధం దట్టంగా పూసింది. ఇక ఆ గంధం మీద కాసు అంటించాలి. ప్రవీణ గబగబా ఒక రూపాయి బిళ్ళ తెచ్చిచ్చింది.

"ఏందమ్మా ఇది, ఉక్కు బిళ్ళ! పోయే మనిషి నొసట ఇనుము పెడతారా యాడన్నా? పాత రాగి కాసు లేదా ఇంట్లో?"

ఆ ఇంట్లో పాత కాసులకేం కొదవ! ప్రవీణ ఏడుస్తూనే బీరువా తెరిచి, చేతికందిన బిళ్ళ తీసి ఇచ్చేసింది.

వ్యానుతో తిరిగొచ్చిన కేశవులు శవం పక్కనే నిలబడిపోయాడు. చెప్పుకుంటే సిగ్గు గానీ, తండ్రి ముఖం కంటే ముందు అతనికి కనిపించింది నొసటి కాసు మీది ఆ కొప్పు, తన పంచప్రాణాలైన బిళ్ళ. తీసెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అట్ల నిలబడి ఏం చూస్తా ఉండావు? దండం పెట్టుకో," అంది నాంచారమ్మ. "కాసును ముట్టుకోవద్దు. ఇంగ అది గుంత తవ్వే మునియప్పది. ఆయప్పకు కూలి ముట్టితేనే మీ నాయనకు దోవ."

కాసు మీదికి పోబోయిన కేశవులు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెన్నకేశవ ఒకనాడు చెప్పిన సంగతి చెవిలో గింగిర్లెత్తింది. ఆ గ్రీకు దేశంలో పోయినవాళ్ళ నోట్లో ఒక కాసు పెట్టేవాళ్ళట. పై లోకానికి ఒక ఏరు అడ్డం, దాని మీద ఒక పడవవాడు. కూలి ముట్టనిదే దాటించడట. ఎక్కడి గ్రీకు, ఎక్కడి హోసూరు! అక్కడా ఒక చెల్లెలు ఇలాగే ముక్కు చీదుకుంటూ, మా అన్న ఒంటరిగా పోతున్నాడే, చేతిలో చిల్లరైనా లేదే అని బెంగపడి ఉంటుంది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అయినా అదే బెంగ, అదే కాసు.

అయినా మనిషి ఆశ అంత సులువుగా చస్తుందా? వ్యానులో పోతూ పోతూ ఒక వందనోటు మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు. చేన్లో శవాన్ని గుంతలోకి దించారు. గుంతలోనే నిలబడ్డ మునియప్ప కాసు తీయబోయేసరికి కేశవులు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"అన్నా, ఆ బిళ్ళ నాకియ్యి. బదులు ఈ నోటు తీసుకో."

మునియప్ప నోటు చూశాడు, తర్వాత కేశవులును చూశాడు. కోపగించుకోలేదు.

"వద్దప్పా, తప్పు. నోటు నువ్విచ్చేది. కాసు మీ నాయన ఇచ్చేది. దాన్ని నువ్వు పెరుక్కుంటే ఆయప్ప వట్టి చేతుల్తో పోవల్ల కదా?"

కేశవులు నిలువునా నీరైపోయాడు. ఇన్నేళ్ళూ ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాడనుకున్న పడవవాడు మోకాళ్ళదాకా ఎర్రమట్టి పూసుకుని, తండ్రి తల పక్కన, తన ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఎత్తుకో అన్నా. అది నీదే. నోటూ ఉంచుకో."

మునియప్ప కాసు తీసి కళ్ళకద్దుకున్నాడు. బొటనవేలితో గంధం తుడిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం బిళ్ళప్పా? ఇట్లాంటిది నేను చూసిందే లేదు. యాడ చెల్లుతుంది ఇది?"

పొద్దుటినుంచి కంట తడి పెట్టని కేశవులు ఆ మాటకు భోరుమన్నాడు.

"మా నాయన పోయేకాడ చెల్లుతుందన్నా," అన్నాడు. "బద్రంగా దాటించు."