ఎనిమిదో నిమిషం

భార్య నెలిదా పోయినప్పుడు ఎర్మిందో ఏడవలేదన్న సంగతి ఊరంతటికీ తెలుసు. శవపేటిక పక్కన నిలబడి వచ్చినవాళ్లందరితో చేతులు కలిపాడు. కాఫీ తాగారా అని అడిగాడు. ఎవరి కారు ఎవరికి అడ్డంగా ఉందో చూసి పక్కకి తీయించాడు కూడా. మరదలు దెల్ఫీనాకి ఆ రోజే ఒళ్లు మండిపోయింది. శీతాకాలం వెళ్లిపోయాక, అక్క బట్టలు సర్దడానికి వచ్చి ఆ మంటంతా కక్కేసింది.

"కుక్క చచ్చిపోయినా మనిషన్నవాడు కాస్త ఏడుస్తాడు బావా. మా అక్క నీకు కుక్కపాటి కూడా చెయ్యలేదా?"

"వస్తే ఏడవనా దెల్ఫీనా? రావట్లేదు."

"రాకపోవడమేంటి? అదేమన్నా బస్సా?"

ఎర్మిందో అబద్ధమాడలేదు. నిజంగానే రావడం లేదు. లోపల ఏదో ఫ్యూజు కొట్టేసింది. ఏం తిన్నా రుచి లేదు. మాతే ఆకు టీ కోసం నీళ్లు మరిగించి, అవి చల్లారాక గుర్తొచ్చి, పారబోసి మళ్లీ పెట్టేవాడు. బాధగా ఉందా అంటే అదీ లేదు. బాధపడితే బాగుండునని మాత్రం ఉంది. దెల్ఫీనా మూడు సంచుల నిండా బట్టలు పట్టుకెళ్లింది. ఖాళీ బీరువా తలుపు దగ్గరికి వేసి, లైటార్పి, వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు.

ఆదివారాలు మాత్రం మైదానానికి వెళ్లడం మానలేదు. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు, చెప్పే ఓపిక ఎవరికుంది? కోర్దొబా నగరానికి తూర్పున, సోయా చేల మధ్య గడ్డి కోసిన పట్టీ ఒకటి, రేకుల షెడ్డు ఒకటి, మాంసం కాల్చుకోవడానికి ఇటుకల పొయ్యి ఒకటి. అదే వాళ్ల బొమ్మ విమానాల క్లబ్బు. అక్కడ ఎర్మిందో ఎగరేసేది ఎప్పుడూ పుకారానే. రెండింజన్ల యుద్ధవిమానం. పొడుగు ముక్కు, కొంగ కాళ్లు. అసలైన పుకారాలు కట్టింది ఈ నగరంలోనే, వాటి తోకలకి రివెట్లు కొడుతూనే ఆయన జుట్టు నెరిసింది. రిటైరయ్యాక అదే విమానాన్ని బాల్సా చెక్కతో చిన్నగా కట్టుకున్నాడు. నిలువెత్తు మనిషి పడుకుంటే ఎంతో, రెక్కలు అంత. రెండు కరెంటు మోటార్లు, మోటారుకొక బ్యాటరీ.

చెక్క పని ఆయనది. పైన కనిపించేదంతా నెలిదాది. ఆవిడ దర్జీ. రెక్కల మీద ఫైబరు గుడ్డ ఒక్క ముడత లేకుండా పరిచింది ఆవిడే. రంగు సంగతి వస్తే దుకాణంవాడి డబ్బాలని నమ్మలేదు. వంటింటి గిన్నెల్లో తనే కలుపుకుంది, చారెడు ఇది, చుక్కెడు అది, కాస్త ఎండలోకి తీసుకెళ్లి చూసి, పెదవి విరిచి, మళ్లీ ఇంకో చుక్క. గోధుమరంగు సరే, ఆ ఆకుపచ్చ మాత్రం చూసినవాళ్లంతా ఎక్కడ కొన్నారని అడిగేవాళ్లు. ఏ పాళ్లలో కలిపిందో ఎవరికీ చెప్పలేదు. తనకే గుర్తుండి ఉండదు.

ఇక ఆ విమానాన్ని నడిపే రిమోట్ కథ. కొత్తలో అందులోంచి ఓ ఆడగొంతు స్పెయిన్ యాసలో టైమెంతయిందో చెప్పేది. నెలిదా ఒక ఆదివారం విని, చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఎవరా ముక్కుతో మాట్లాడే మనిషి? నా మొగుడికి టైము చెప్పడానికి నేను చచ్చానా?"

పక్కనే ఉన్న ఫ్రోయిలాన్ పగలబడి నవ్వాడు. ఎలక్ట్రీషియను, ఎర్మిందోకి చిన్నప్పటి నుంచీ తోడు. ఆ గొంతు తీసేసి ఈ గొంతు పెట్టొచ్చని చెప్పింది వాడే. మర్నాడే వాళ్ల వంటింట్లో కూర్చుని ఆవిడ చేత మూడు మాటలు రికార్డు చేయించాడు. నాలుగో నిమిషానికి ఒకటి, ఆరో నిమిషానికి ఒకటి, ఎనిమిదో నిమిషానికి ఒకటి. మూడో మాటకి మాత్రం ఆవిడ మగవాళ్లిద్దరినీ బయటికి గెంటి తలుపేసుకుంది.

"ఏం చెప్పావే?" అని ఎర్మిందో ఎన్నిసార్లు అడిగాడో.

"నీకెందుకు? నువ్వెలాగూ వినవు. ఆరో నిమిషానికి దింపేసే పిరికి మనిషివి."

అది పిరికితనం కాదు, లెక్క. ఏడు దాటితే బ్యాటరీల్లో ఏమీ మిగలదు. పైగా రిమోట్‌లోని గడియారం మోటార్లు తిరుగుతున్నంతసేపే నడుస్తుంది. వేగం కర్ర కిందికి లాగేస్తే మోటార్లూ ఆగుతాయి, గడియారమూ ఆగుతుంది. ఎనిమిదో నిమిషం దాకా గాల్లో మోటార్లు తిప్పేవాడు విమానం మీద ఆశ వదులుకున్నవాడే. అందుకే ఆవిడ బతికున్నన్నాళ్లూ మూడో మాట ఎవరూ వినలేదు.

ఆవిడ పోయాక ఫ్రోయిలాన్ ఒకసారి మెల్లిగా అన్నాడు. "రిమోట్‌లోంచి కార్డు తీసి కంప్యూటర్లో పెడితే వినపడుతుంది రా. పోనీ విమానాన్ని బల్లకి కట్టేసి మోటార్లు తిప్పు."

"విమానం గాల్లో ఉంటే చెప్పే మాటరా అది. బల్ల దగ్గర కూర్చుని వింటే నెలిదా హ్యాండుబ్యాగు వెతికినట్టుంటుంది."

ఫ్రోయిలాన్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎర్మిందో బయటికి చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆవిడది వినాల్సిన మాట అదొక్కటే మిగిలింది. అది విని కూడా లోపల ఏమీ కదలకపోతే ఇక ఎప్పటికీ కదలదని ఆయనకి భయం.

దెల్ఫీనా బట్టలు తీసుకెళ్లిన వారమే ఆదివారం మధ్యాహ్నం పుకారా లేచింది. ఉత్తరం గాలి వెచ్చగా వీస్తోంది. షెడ్డు దగ్గర ఎవరో మాంసం తిప్పుతున్నారు. ఎర్మిందో చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆకాశంలో ఆ ఆకుపచ్చ రెక్కలు పెద్ద వలయం చుట్టి, ఎండ తగిలినప్పుడల్లా మెరిసి, మళ్లీ దూరంగా పోతున్నాయి.

"నాలుగయింది ముసలోడా, ఒళ్లు దగ్గర పెట్టుకో" అంది రిమోట్‌లోంచి నెలిదా.

ప్రతి ఆదివారం వినే మాటే. ప్రతి ఆదివారంలాగే ఆయనకి ఏమీ అనిపించలేదు. వలయాలు తిరుగుతూనే ఉన్నాడు.

"ఆరు. దింపు. మాడిన మాంసం నేను తినను, ముందే చెప్తున్నా."

ఆ మాటకి ఆయన బొటనవేలు అలవాటుగా కర్ర మీద కిందికి కదిలింది. ఆగింది. మళ్లీ పైకి పోయింది.

"దింపమంటోంది రా" అన్నాడు ఫ్రోయిలాన్.

"విన్నాను."

"విని?"

ఎర్మిందో విమానాన్ని ఇంకో వలయం తిప్పాడు. ఫ్రోయిలాన్‌కి అప్పుడు అర్థమైంది. చేతిలోని ఫెర్నెట్ మందు గ్లాసు గడ్డిలో పెట్టేసి దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్. ఆ రంగు మళ్లీ రాదురా. ఆవిడ చేతిది ఇంకేం మిగిలింది నీకు?"

"తెలుసు."

తెలుసు. అటు ఆవిడ చేయి, ఇటు ఆవిడ గొంతు. రెండూ దక్కే దారి ఆయనకి తోచలేదు. చేతి పని ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాడు, ఏమీ కాలేదు. గొంతునే అడిగి చూద్దామనుకున్నాడు. వేగం తగ్గించి, పొలం అంచు వెంబడి విమానాన్ని నెమ్మదిగా నడిపించాడు. ఏడు దాటింది. మోటార్ల మోత పల్చబడింది.

ఎనిమిది ఇంకా కాలేదు, కుడి మోటారు ఆగిపోయింది. రెండు మోటార్ల విమానం ఎగరేసే ప్రతివాడికీ మొదట నేర్పేది ఒకటే: ఒకటి ఆగితే రెండోది నువ్వే ఆపెయ్, తిన్నగా జారుకుంటూ దిగు. లేకపోతే తిరిగే మోటారు ఆగిన దాని చుట్టూ విమానాన్ని తిప్పి కూలదోస్తుంది. క్లబ్బులో కొత్తవాళ్లకి ఈ పాఠం చెప్పేది ఎర్మిందోయే.

"మూసెయ్! రెండోదీ మూసెయ్!" అని ఫ్రోయిలాన్ అరిచాడు.

మూస్తే విమానం దక్కుతుంది. గడియారం ఆగిపోతుంది. ఎర్మిందో మూయలేదు. చుక్కాని కర్ర మొత్తం ఎడమకి నొక్కిపట్టి, కుడికి ఒరిగిపోతున్న రెక్కని ఆపుతూ, ఎడమ మోటారుని అలాగే తిరగనిచ్చాడు. ముక్కు పక్కకి గుంజుతోంది. బాల్సా చెక్క వణుకు ఆయన వేళ్లలోకి వచ్చినట్టుంది. అప్పుడు రిమోట్ పలికింది.

"మొండోడా! విన్నావన్నమాట. అయితే అది ఇంక తిన్నగా కిందికి రాదు. దాని వంక చూడకు. పోతే పోనీ ముసలోడా, దానికోసం బెంగపడకు. ఇంకోటి కట్టుకుందాం. రంగు నేనేస్తాగా."

గిన్నె చప్పుడయింది. ఆ తరవాత గొంతు కాస్త దూరం నుంచి వచ్చింది.

"ఫ్రోయిలాన్! ఇదెలా ఆపాలయ్యా?"

పుకారా బోర్లా పడి, ఒక్క మెలిక తిరిగి, సోయా చేలో దిగబడింది. ఎర్మిందో రిమోట్ ఆపి, మెడలోంచి తీసి గడ్డి మీద పెట్టాడు. ఇద్దరూ చేలోకి నడిచారు.

ముక్కు నుజ్జయింది. తోక ఎక్కడో పడింది. ఎడమ రెక్క మూడు ముక్కలు. ఫ్రోయిలాన్ వంగి ఒక్కొక్కటే ఏరి చంకలో పెట్టుకుంటున్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి గనుక అన్నాడు.

"చెక్కదేముందిరా. మళ్లీ కడదాం. నేనూ వస్తా."

"రంగు?" అన్నాడు ఎర్మిందో.

"ఎవరో ఒకరం వేద్దాంలే."

"లేదురా. తనే వేస్తానంది. విన్నావుగా."

ఆ మాట తన నోటితో అన్నాక ఎర్మిందో పచ్చ రెక్క ముక్క చేత్తో పట్టుకుని మొక్కల మధ్యే కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది. మొదట దగ్గులా వచ్చింది, తరవాత ఆపుకోలేనంతగా వచ్చింది. నెలిదా చచ్చిపోయింది. ఇంక రంగు వెయ్యదు. ఇన్ని నెలలుగా ఊరంతా అంటున్న మాట ఆయనకి ఇప్పుడు వినపడింది.

ఫ్రోయిలాన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. మళ్లీ వంగి, చిన్న బాల్సా ముక్క కూడా వదలకుండా ఏరడం మొదలుపెట్టాడు.