పన్నెండు రిలీజ్ కాగితాలు

1986 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది బొబ్బర్ల పులుసు, మొక్కజొన్న రొట్టె. పులుసులో పంది మెడ ఎముకలు వేశాను. నా భార్య వెర్లీన్ బతికుండగా నాకు నేర్పిన వంట అదొక్కటే. మా బాస్కెట్‌బాల్ జట్టులో ఆడే రెనాల్డో పికెట్‌కి అదంటే ఇష్టం. వాడికోసం ఒక గిన్నెలో పోసుకుని ఆటగాళ్ళ గదికి వెళ్ళాను.

డిగ్రీ చదివి ముప్ఫై ఏళ్ళుగా మిసిసిపీ రాష్ట్రంలో ఒక కాలేజీలో జెర్సీలు ఉతుకుతున్నాను, కుర్రాళ్ళ చీలమండలకి తెల్ల టేపు చుడుతున్నాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. ఇనుప బీరువా ముందు పికెట్ నిలబడ్డాడు. ఎదురుగా కోచ్ స్ట్రేహార్న్.

"రిలీజా? నువ్వేమన్నా సినిమావట్రా, రిలీజ్ చెయ్యడానికి?"

"మా అమ్మకి చక్కెర జబ్బుతో కాలు తీసేశారు, కోచ్. ఇంటి దగ్గర కాలేజీవాళ్ళు నన్ను తీసుకుంటామన్నారు. నన్ను వదిలేస్తున్నట్టు మీ సంతకం లేకపోతే వాళ్ళు నాతో మాట్లాడనే కూడదట. సంతకం ఉన్నా ఏడాదిపాటు ఆడకూడదట. ఆడకపోయినా ఫర్వాలేదు, కోచ్. అమ్మ దగ్గరుంటాను."

పికెట్ చెయ్యి బీరువా అంచుమీద ఉంది. స్ట్రేహార్న్ అది చూశాడు. చూసే, బూటుకాలితో బీరువా తలుపుని తన్నాడు.

ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. గిన్నె నా చేతిలోంచి జారిపోయింది.

"ఇంకా సంతకం కావాలా?" అన్నాడు కోచ్. ఈల మెడలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ స్ట్రేహార్న్ ఇక్కడికి రాకముందు ఆరేళ్ళలో మూడు కాలేజీలు మారాడు. ప్రతిచోటా జీతం పెరిగింది. ఏ సంతకమూ ఎవరూ అడగలేదు. ఏ బెంచీమీదా ఏడాది కూర్చోబెట్టలేదు. నియమం ఆటగాడికే. మిల్లులో పనిచేసే అన్నలారా, చదువుకునే తమ్ముళ్ళారా, మీకిది కొత్త కాదు. యజమాని ఎక్కడికైనా పోతాడు. కదలడానికి కాగితం కావలసింది మనకే.

ఆ సాయంత్రం సాధనలో విరిగిన రెండు వేళ్ళతోనే పికెట్‌ని ఆడించాడు కోచ్. బంతి జారింది. ఈల మోగింది.

"ఒకడు తప్పితే?" అని అరిచాడు.

"పన్నెండుమందీ పరుగెత్తాలి!" అన్నారు కుర్రాళ్ళు. ఆ జట్టులో చేరిన రోజే నేర్పే పాఠం అది.

పరుగెత్తారు. బంతి మళ్ళీ జారింది, మళ్ళీ పరుగెత్తారు. ముగ్గురు కక్కుకున్నారు. క్లెల్ అనే తెల్ల కుర్రాడు కళ్ళు తిరిగి జనం కూర్చునే ఇనుప మెట్లమీద పడ్డాడు. నుదురు చీలి నెత్తురు చెక్కనేలమీద పారింది.

"పికెట్‌కి థాంక్స్ చెప్పుకోండి," అన్నాడు స్ట్రేహార్న్.

తర్వాత అందరూ నా టేపు గదిలో చేరారు. క్లెల్ నుదుటికి గుడ్డ అదుముకుని పికెట్ మీదికి లేచాడు.

"నీవల్లేరా నాకీ గాయం! నోరుమూసుకుని ఆడలేవూ?"

కెప్టెన్ టైరీ వోమాక్ అడ్డం వచ్చాడు. "వాడివల్లా? ఈల ఎవడి నోట్లో ఉందిరా?"

క్లెల్ బల్లమీద కూలబడ్డాడు.

"మా నాన్న జైలు పొలంలో ఏడేళ్ళు పత్తి తీశాడు," అన్నాడు వోమాక్. "గేటు దగ్గర ఆయన చేతిలో ఒక కాగితం పెట్టారు. ఇప్పటికీ మా ఇంట్లో బైబిల్లో ఉంది. దానిమీద ఏమని రాసుందో తెలుసా? రిలీజ్. అదే మాట. నేనేం నేరం చేశానని నాకూ అదే కాగితం?"

"మీకేంలే, మీరు బాగా ఆడతారు," అన్నాడు క్లెల్. "ఇక్కణ్ణించి పోతే నన్నెవడు తీసుకుంటాడు? మా నాన్న ఆవులు కూడా నన్ను దగ్గరికి రానివ్వవు."

ఎవరో నవ్వారు. పికెట్ కూడా నవ్వాడు. నేను వాడి వేళ్ళకి పుల్ల కడుతున్నాను, ఆ నవ్వుకి చెయ్యి కదిలి వాడికి నొప్పెట్టింది. అది చూసి క్లెల్ ముఖం మారింది. తన నుదుటి గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న వైపు మడిచి, పికెట్ చేతికింద పెట్టాడు.

"ఒరే," అన్నాడు నెమ్మదిగా. "ఒకడు తప్పితే పన్నెండుమందీ పరుగెత్తాలన్నాడు కదా. మరి ఒకడు అడిగితే?"

వోమాక్ నావైపు తిరిగాడు.

"టార్వర్ గారూ, మీకు టైపు వచ్చుగా?" అన్నాడు వోమాక్.

వచ్చు. ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పన్నెండు రిలీజ్ కాగితాలు కొట్టాను.

శనివారం ఆట. నాలుగువేల మంది జనం. బంతి ఎగరెయ్యడానికి ఈల మోగింది. మా పన్నెండుమందీ వెళ్ళి నేలమధ్య గీసిన వలయంలో కూర్చున్నారు. మణికట్టుకి మణికట్టు కలిపి నా తెల్ల టేపు చుట్టుకున్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో కాగితం.

"పన్నెండు సంతకాలు పెట్టు, కోచ్!" అని అరిచాడు వోమాక్. "ఒకడు అడిగితే పన్నెండుమందీ అడిగినట్టే! నువ్వు నేర్పిందే!"

స్ట్రేహార్న్ ఉరికొచ్చి పికెట్ జుట్టు పట్టుకుని ముఖాన్ని నేలకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే విద్యార్థులు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, మెట్లమీంచి కిందికి దూకారు. ఆయన్ని అటూ ఇటూ తోసిపారేశారు. అప్పటికే నాలుగు ద్వారాల్లోంచి పోలీసులు లాఠీలతో దూసుకొచ్చారు.

కూర్చున్నవాళ్ళని కొట్టడం సులువు. వోమాక్ దవడ విరిగింది. పళ్ళు ఆ కాగితాల మీదే పడ్డాయి. క్లెల్ మోకాలి మీద ఇద్దరు కలిసి కొట్టారు. వాడింక ఏ కాలేజీకీ ఆడడని ఆ అరుపు వింటేనే తెలిసిపోయింది. ఒక్కొక్కణ్ణీ విడదీసి లాగబోయారు. టేపు ఊడలేదు.

"కత్తెర ఏదిరా ముసలాడా?" అన్నాడు పోలీసు అధికారి.

"లేదు," అన్నాను. కత్తెర నా కోటు జేబులో ఉంది.

లాఠీ నా భుజంమీద పడింది. "లేదు," అన్నాను మళ్ళీ.

పన్నెండుమందినీ ఒకే గొలుసుగా ఈడ్చుకుపోవలసి వచ్చింది. నేలంతా ఒక ఎర్రచార. ఒక చిన్న వయసు పోలీసు, అధికారి చూడకుండా, పికెట్ విరిగిన చేతిని ఎత్తి వాడి గుండెమీద పెట్టడం నేను చూశాను. ఆ అబ్బాయి పేరు నాకు తెలియదు.

బండి తలుపు మూస్తుంటే, నా వెనక ఎవరినో చూస్తూ క్లెల్ అరిచాడు. "టార్వర్ గారూ! మీ దగ్గర ఇంకా కాగితాలున్నాయా?"

నాకు అర్థం కాలేదు. టేపు గదికి తిరిగొచ్చాక అర్థమైంది. కిటికీ దగ్గర ఎదుటి జట్టు నిలబడి ఉంది. ఇంకా ఆట బట్టల్లోనే ఉన్నారు. వాళ్ళ కెప్టెన్ మెత్తగా అడిగాడు.

"సార్, మా కోచ్ కూడా సంతకం పెట్టడు. మాకూ ఓ పదమూడు కొట్టి పెడతారా?"

కొట్టాను. నొప్పెడుతున్న భుజంతో, ఒక్క చేత్తో కొట్టాను. తప్పులు పడ్డాయి. వాళ్ళేమీ అనుకోలేదు.

విద్యార్థులు మూడొందలమంది ఆట హాల్లోంచి కదల్లేదు. పన్నెండుమందీ తిరిగొచ్చి సంతకాలు పడేదాకా ఈ నేలమీద ఆట జరగదని తేల్చి చెప్పారు. దుప్పట్లు లేవు. ఉతికిన తువ్వాళ్ళన్నీ పంచాను. కొందరు ఆ ఎర్రచారకి అటూ ఇటూ పడుకున్నారు, దాన్ని తొక్కకుండా.

దీపాలు ఆర్పాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాలు తలుపుని బయటినుంచి వేసి ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ రాత్రి, నిద్రపోతున్నవాళ్ళు లేవకుండా, మెల్లగా లోపలినుంచి వేశాను.