జిగురు కడిగిన చేపలు

అన్నయ్య ఉద్యోగం ఊడగొట్టింది తన నివేదికేనని తెలిసేసరికి చెల్లెలికి ఒళ్లు భగ్గుమంది.

సముద్రంలో వల పంజరాలు కట్టి చేపలు పెంచే కంపెనీ అది. చేపల ఒంటిమీద పురుగులున్నాయేమో చూసి లెక్క రాయడం ఆమె పని, వాటికి మేత వెయ్యడం అన్నయ్య పని. నెల్లాళ్లుగా చేపలు మేత ముట్టడం లేదు. వలకేసి ఒళ్లు రాసుకుంటున్నాయి, రోజూ పదీ ఇరవై చచ్చి తేలుతున్నాయి. ఆమె లెక్కలో మాత్రం నాలుగు వారాలూ సున్నాయే. ఆ సున్నా చూసి మేనేజరు తీర్పు చెప్పేశాడు. జబ్బు లేదట, మేత వేసేవాడికే ఒళ్లు వంగదట! శనివారంతో పని ఆఖరని కాగితం చేతిలో పెట్టాడు.

పదిహేడేళ్లు ఉప్పునీళ్లలో నానినవాడికి ఒళ్లు వంగదా? ఆ మాటన్న నోరు పడిపోను!

"పురుగుందే అమ్మలూ, మొదట్నించీ చెబుతూనే ఉన్నాగా" అన్నాడు అన్నయ్య మెల్లగా.

నిజమే, చెబుతూనే ఉన్నాడు. "మైక్రోస్కోపు నా దగ్గరుందా, నీ దగ్గరుందా?" అని అతని నోరు మూయించింది ఆమే. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

మర్నాడు పొద్దున ప్రయోగశాలకు పోకుండా తిన్నగా జెట్టీ మీదికి నడిచింది. అన్నయ్య అప్పుడే పడవ దిగి, పరీక్షకు తెచ్చిన చేపల్ని మంచినీళ్ల కొళాయి కింది తొట్టిలో వేసి, పసిపిల్లలకు స్నానం చేయించినట్టు ఒక్కొక్కదాన్నీ రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావన్నయ్యా?"

"కడుగుతున్నానే. చేతులకి జిగురంటి అన్నం సయించట్లేదని ఆమధ్య అన్నావుగా. అప్పట్నించీ కడిగే పంపిస్తున్నా."

ఆమె తొట్టిలోకి వంగి చూసింది. అడుగున బియ్యపు నూకల్లా తెల్లటి చుక్కలు, వందలకు వందలు. ఉప్పునీళ్లలో ఉన్నంతసేపూ ఆ పురుగులు కంటికి ఆనవు. మంచినీళ్లు తగిలితే తెల్లబడి రాలిపోతాయి. ఇన్నాళ్లూ జబ్బంతా తొట్టిలో పారబోసి, శుభ్రమైన చేపల్ని చెల్లెలి బల్లమీదికి పంపాడు మహానుభావుడు!

"నీ ప్రేమ తగలెయ్యా!" అని అరిచింది, అరుస్తూనే ఏడ్చేసింది. చేపలు తన బల్లదాకా ఎలా వస్తున్నాయో ఒక్కనాడైనా అడిగిందా తను? పెద్ద చదువు!

తొట్టి నీళ్లు వడకట్టి, పురుగుల్ని సీసాలో పోసి మేనేజరు బల్లమీద టక్కున పెట్టింది. "చేపలన్నిటికీ ఇవాళే మంచినీళ్ల స్నానం మొదలవ్వాలి సార్. ఆ కాగితం వెనక్కి తీసుకోండి."

మేనేజరు సీసాను అటూ ఇటూ తిప్పాడు. "స్నానం సరే. కానీ కడిగింది మీ అన్నేగా? తప్పు వాడిదే."

"వాడు కాదు సార్, ఆయన! పురుగుందని చెప్పింది ఆయన. విననిది మీరూ నేనూ. చేపల్ని ఎలా తేవాలో చెప్పాల్సింది నేను, చెప్పలేదు. పంపేస్తే నన్ను పంపండి!"

అక్కడే నిలబడి కొత్త నివేదిక రాసింది. జబ్బును మొదట గుర్తించినది మేత వేసే ఉద్యోగి, తప్పు లెక్క ప్రయోగశాలది. కింద బరబరా సంతకం గీకింది. పంజరాల్లోని చేపల్ని మంచినీళ్లలో ముంచి తీయడానికి చెయ్యి తిరిగిన మనిషి ఇంకొకడు లేడని మేనేజరుకూ తెలుసు. కాగితం వెనక్కి తీసుకున్నాడు. క్షమాపణా? అబ్బే, అంత మాట ఆయనగారి నోటెందుకు వస్తుంది!

తరవాతి వారం అన్నయ్యే స్వయంగా బకెట్టు మోసుకొచ్చాడు. సముద్రపు నీళ్లలో, కడగని చేపలు.

"జిగురోడుతున్నాయే అమ్మలూ, గ్లౌజులేసుకో" అన్నాడు బెంగగా.

ఆమె ఉత్త చేతులతోనే అందుకుంది.