పుట్టి మోత

హిందూపురం హైస్కూల్లో సైన్సు చెప్పే గంగాధర్ అయ్యవారికి సెలవులొస్తే ఇంట్లో కాలు నిలవదు. పెనుకొండ అడవిలో ఆయన ఎక్కని గుట్ట లేదు. 1938లో వానలు బాగా పడి చిత్రావతి పారిందని విన్నాక ఆయనకు కొత్త కోరిక పుట్టింది. బుక్కపట్నం చెరువులో పుట్టి అనే గుండ్రటి తోలుపడవ ఎక్కి, ఏటి వెంబడి అడవిలో గుడారం వేసుకుంటూ ధర్మవరం చెరువు దాకా పోవాలి.

ఆ చెరువులో పుట్టి తోసే అంజనప్పకు యాభై అయిదేళ్ళు. ఊరికి బస్సు వచ్చినాక పుట్టి ఎక్కేవాళ్ళు కరువైనారు. దానికితోడు దసరా నుంచి కుడి రెక్క సరిగా పైకి లేవడం లేదు. ఆ సంగతి భార్య యల్లక్కకు తప్ప ఎవరికీ తెలియదు. అయ్యవారు వచ్చి ధర్మవరం దాకా పుట్టి తోయమని అతనితో కూలి మాట్లాడుకొని పోయినాడు.

"నీ రెక్క సంగతి ఆయప్పకు చెప్పు," అంది యల్లక్క.

"చెప్తే ఇంకొకణ్ణి పిలుచుకుంటాడు. ఏటిలో నీళ్ళుండాయి. పుట్టే మమ్మల్ని మోస్తాదిలే."

ఆ నీళ్ళు మొదటి పూటకే అయిపోయినాయి. అలుగు దాటి రెండు మైళ్ళు పోయేసరికి ఏరు ఇసుకలో పాయలు పాయలుగా చీలింది. మడమ తడిసే నీళ్ళలో పుట్టి అడుగు నేలకు ఆనింది. అంజనప్ప తలగుడ్డను చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకొని పుట్టిని బోర్లించి ఎత్తుకున్నాడు. వెదురు బద్దల మీద తోలు కప్పిన పుట్టి. నానితే బరువు రెట్టింపు. గుడారం గుడ్డ, బియ్యం మూట, గిన్నెలు అయ్యవారు వీపుకు కట్టుకున్నాడు. మడుగు కనబడితే దించేది, నాలుగు తెడ్లు వేసేది, మళ్ళీ ఎత్తుకునేది.

రెండో రోజు ఏటి గట్టున తుమ్మకంపలు దారి మూసేస్తే గుట్ట ఎక్కి దిగక తప్పలేదు. పుట్టి కింద అంజనప్పకు తన పాదాలు తప్ప ఏమీ కనబడవు.

"అదిగో అంజనప్పా, నెమళ్ళు! ఎన్నుండాయో చూడు!"

"చూస్తాండా అయ్యవారూ," అన్నాడు, పాదాలే చూసుకుంటూ.

మూడో రోజు పొద్దెక్కినాక నీళ్ళు తాగడానికి పుట్టిని దించాడు. మళ్ళీ ఎత్తబోతే కుడి చెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. పుట్టి జారి పక్కకు ఒరిగింది.

"ఏమైంది?" అన్నాడు అయ్యవారు.

"ఏం లేదు. రవంత అలుపు."

"అలుపు కాదు. ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా నుంచి."

"ముందే చెప్పుంటే ఈ ప్రయాణమే వద్దనేవాణ్ణి కదప్పా!"

"అందుకే చెప్పలేదు."

అయ్యవారు గిన్నెలు మాత్రం అంజనప్ప ఎడమ చేతికిచ్చి, పుట్టిని తానే నెత్తికెత్తుకున్నాడు. పది అడుగులకొకసారి తూలాడు. నెమళ్ళ మాటా చెట్ల మాటా ఆగిపోయింది. వెనక నడిచే అంజనప్పకు సిగ్గేసింది. కానీ బరువు దిగిన మెడకు గాలి తగులుతుంటే ఆ సిగ్గు పడడానికి కూడా ఓపిక చాలలేదు.

ధర్మవరం చెరువు చేరేసరికి పొద్దు వాలుతోంది. అయ్యవారు పుట్టిని నీళ్ళలో దించి, "రా, ఎక్కు. ఇంత దూరం వచ్చింది దీనికే కదా," అన్నాడు.

"మీరు పోయి రాండి."

అంజనప్ప కట్ట రాళ్ళకు ఆనుకొని కూలబడినాడు. తెడ్డు వేయడం రాక అయ్యవారు నడి చెరువులో గుండ్రంగా తిరుగుతాండాడు. ఎట్ల వేయాలో ఒక్క కేక వేసి చెప్పొచ్చు. అంజనప్ప కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు రైలుకు పోతూ అయ్యవారు, "ఎద్దులబండి మాట్లాడతా, పుట్టిని వేసుకొని పో," అన్నాడు. అంజనప్ప వద్దన్నాడు. ఆ చెరువులో చేపలు పట్టే పుల్లన్నకు పుట్టిని తెడ్డుతో సహా ఇచ్చేసి, ఉత్త చేతులతో నడిచి ఇల్లు చేరాడు.

"పుట్టి యాడ?" అంది యల్లక్క.

"ధర్మవరంలో ఉండాది."

"ఎప్పుడు తెస్తావు?"

"తేను."

యల్లక్క సంగటి ముద్ద పెట్టింది. సగం తిని, చెయ్యి కడుక్కోకుండానే అంజనప్ప గోడకు ఒరిగి నిద్రపోయినాడు.