పదకొండు చింతగింజలు

నేను ఒక తప్పుడు మానికను. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పేవి నమ్ముతారని ఆశ.

మానిక అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. కిలోలు రాకముందు బియ్యం, జొన్నలు కొలిచిన ఇత్తడి పాత్ర. కనిగిరి దగ్గర ఒక కంచరి నన్ను సరైన కొలతకే చేశాడు. సర్కారు మనిషి వచ్చి అంచు మీద ముద్ర కూడా కొట్టాడు. వారం తిరక్కముందే, నన్ను కొన్న అంగడాయన బోర్లించి అడుగున సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. అడుగు లోపలికి ఉబ్బింది. ఆనాటినుంచి నిండుగా కనిపిస్తూ పిడికెడు తక్కువ కొలిచాను. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే నాకు పసుపు రాసి దణ్ణం పెట్టుకునేవాడు.

కిలోరాళ్ళు వచ్చాక నన్ను పాత ఇత్తడి ధరకు అమ్మేశాడు. కొన్నది చెంచమ్మ పెనిమిటి. చెంచమ్మ నా లోపల వేళ్ళు పెట్టి తడిమింది. ఉబ్బు వేళ్ళకు తగిలింది. ఎవరికి గింజలు కొలిచినా, కొలిచాక పిడికెడు చేత్తో తీసి పైన వేసేది. నా అబద్ధాన్ని అలా నలభై ఏళ్ళు పూడ్చింది.

పెనిమిటి పోయాక ఆయన్ను చేలోనే, తూర్పు గట్టు కింద పాతారు. వాళ్ళలో కాల్చే ఆచారం లేదు. సొంత చేలో పాతుతారు, కోత కోసే ముందు అక్కడ ఒక ముద్ద పెడతారు. చెంచమ్మ ఆ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు దున్ననిచ్చేది కాదు. అది దేనికని ఎవరూ అడగలేదు.

మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే పోశాయి. కొడుకు మాలకొండయ్యకు హైదరాబాదులో కావలి పని దొరికింది. ఎద్దుల్నీ మేకల్నీ అమ్మితే ఇరవైవేలు వచ్చాయి. కోడలు ఆదెమ్మకు రాత రాదు. లెక్క చింతగింజలతో చేస్తుంది. గింజకు ఐదువందల చొప్పున నలభై గింజలు నాలో పోసుకుని వసారాలో కూర్చుంది. చేటలో కుప్పలు పెట్టింది. లారీ బాడుగకు ఆరు. ఇంటి అడ్వాన్సు రెండు నెలలకు ఐదు. గ్యాసుకు, పొయ్యికి ఐదు. మొదటి నెల తిండికి ఆరు. పని ఇప్పించినవాడికి నాలుగు. పాలు పొంగించేదానికి ఒకటి. చివరికి పదమూడు మిగిలాయి. జీతం అందేదాకా అవే మనకు ధైర్యం అన్నాడు మాలకొండయ్య.

చెంచమ్మ స్తంభానికి ఆనుకుని చూస్తోంది.

"ఇంకో కుప్ప పెట్టు అమ్మాయ్," అంది.

"దేనికత్తా?"

"నన్ను మళ్ళా ఇక్కడికి తెచ్చేదానికి. మీ మామ పక్కన చోటుంది గదా. శవాన్ని తెచ్చే బండికి ఎంతయిద్దో కనుక్కోండి."

బయల్దేరేటప్పుడు ఇవేం మాటలమ్మా అని మాలకొండయ్య విసుక్కున్నాడు. బయల్దేరేటప్పుడే చెప్పాలి, పడుకున్నాక చెప్పలేను గదా అంది ఆమె. అతను టెలిఫోను బూతుకు పోయి హైదరాబాదులో తెలిసినవాణ్ణి అడిగి వచ్చాడు. ఐదువేల ఐదువందలు. అంటే పదకొండు గింజలు. ధైర్యానికి రెండే మిగిలాయి. చెంచమ్మ, తన మంచం లారీలో ఎక్కించొద్దు, ఆ మేరకు బాడుగ తగ్గించమని అడగండి అంది. లారీవాడు తగ్గించలేదు. మంచం మాత్రం ఉండిపోయింది.

పట్నంలో ఒక్క గది. మిగతా కుప్పలు ఖర్చయిన కొద్దీ ఆదెమ్మ గింజలు బయట పారేసింది. పదకొండు గింజలు మాత్రం నాలో పోసి గూట్లో పెట్టింది. వాటి డబ్బు రేకుపెట్టెలో, బట్టల అడుగున. చెంచమ్మకు చూపు మందగించింది. లెక్క చెవితో చూసుకునేది. పొద్దున లేవగానే నన్ను దించి చెవి దగ్గర ఒకసారి ఆడించి, మళ్ళీ గూట్లో పెట్టేది.

ఇంటాయన మూడో నెల అడ్వాన్సు కూడా కావాలన్నాడు. మొదటి నెల జీతం పనిచోట ఆపుకున్నారు. నీళ్ళు కొనుక్కోవాలని లెక్కలో ఎవరూ వేయలేదు. ధైర్యం కుప్ప పదిరోజులు కూడా నిలవలేదు. మాలకొండయ్య చెయ్యి బట్టల అడుగుకు పోయింది. ఆదెమ్మ గింజ తీయడానికి గూటి దగ్గరికి వచ్చింది. కింద చెంచమ్మ కూర్చుని ఉంది. చెయ్యి వెనక్కి పోయింది. రేపు తీద్దాంలే అనుకుంది. జీతం వస్తే పెట్టేస్తాం, తీసే పనే ఉండదు అన్నాడు అతను. అలా ఐదు నెలలకు పెట్టె ఖాళీ అయింది. నాలో గింజలు మాత్రం పదకొండూ ఉన్నాయి. నేను పుట్టి రెండోసారి నిండుగా కనిపిస్తూ తక్కువ కొలుస్తున్నాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఇంట్లో లేరు. చెంచమ్మ పెట్టె తెరిచి బట్టల అడుగున తడిమింది. మూసింది. నన్ను దించి గింజలు ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటే వేళ్ళతో చూసింది. తర్వాత ఉబ్బిన నా అడుగు మీద బొటనవేలు పెట్టి, "నువ్వు మొదట్నించీ పిడికెడు తక్కువే గదే," అంది. కోపంగా అనలేదు.

మర్నాడు కోడలు వినేట్టుగా ఆడించి, "పదకొండూ ఉండాయి అమ్మాయ్, నాకేం బెంగ లేదు," అంది. ఆదెమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది. ఇటు తిరగలేదు.

ఆ మాఘంలో మూడురోజులు జ్వరం వచ్చి చెంచమ్మ పోయింది. మాలకొండయ్య పెట్టె మూత ఎత్తాడు. రెండు వంద నోట్లు, అద్దె చీటీ. అప్పు కోసం నలుగురి దగ్గరికి తిరిగి వచ్చాడు. ఇంటాయన సాయంత్రంలోగా తీసుకుపొమ్మన్నాడు. అక్కడే కాల్చారు. ఇచ్చిన బూడిదను ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. ఎవరో చెబితే నదిలో వదిలారు.

ఆ తర్వాత పొద్దున అదే వేళకు ఆదెమ్మ ఉలిక్కిపడి గూటివైపు చూసేది. నేను కదల్లేదు. కదిపే చెయ్యి లేదు. అయినా గింజల చప్పుడు ఆమెకు వినిపించింది. నిజం చెప్పాలంటే, నాకూ వినిపించింది.

ఆమె చీరలకు ఫాల్సు కుట్టడం మొదలుపెట్టింది. ఐదువందలు చేరినప్పుడల్లా ఒక గింజను తీసి, కడిగి, తుడిచి మళ్ళీ నాలో వేసేది. పదకొండు కడగడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా బండి ఏడువేలయింది. ఇంకో మూడు గింజలు సంపాదించి వేసింది.

ఊరికి నూట ఎనభై పెడితే బస్సుంది గదా అన్నాడు మాలకొండయ్య.

"బస్సు బతికినోళ్ళకి," అంది ఆదెమ్మ. అతను శవాల బండి మాట్లాడటానికి పోయాడు.

బండి వచ్చింది. డ్రైవరు వెనక తలుపులు తెరిచి నిలబడ్డాడు.

"బాడీ ఏదమ్మా?"

ఆమె నన్ను కొంగులో పట్టుకుని ఎక్కి, పొడుగాటి బల్ల పక్కన కూర్చుంది. "ఎక్కింది. పోనీయి."

డ్రైవరు మాలకొండయ్య మొహం చూశాడు. అతను ముందుసీట్లో కూర్చుని డబ్బు చేతికిచ్చాడు. దారి పొడుగునా గతుకులే. గతుకు వచ్చినప్పుడల్లా నేను గలగలమన్నాను. అలా అన్నప్పుడల్లా ఆదెమ్మ చేత్తో బల్లను అదిమి పట్టుకుంది, మీద ఉన్నవాళ్ళు పడిపోతారేమో అన్నట్టు.

తూర్పు గట్టు కింద ఆ చోటు అలాగే ఉంది. మాలకొండయ్య మనిషి పొడుగంతా తవ్వాడు. ఇంత పాత్రకు అంత గొయ్యి ఎందుకని ఆమె అడగలేదు. నా మూతికి చెంచమ్మ చీర పేలిక కట్టి, పైన పళ్ళెం బోర్లించి, మట్టి కప్పారు. ఒక ముద్ద పెట్టి వెళ్ళిపోయారు.

ఏనాడైనా ఎవరి నాగలికో తగిలితే లంకెబిందె దొరికిందని సంబరపడతారు. విప్పి చూసి తిట్టుకుంటారు. పదకొండు గింజలు, తర్వాత చేరిన మూడు. అన్నీ కడిగినవే, ఒక్కటీ ఉత్తది కాదు. పుట్టాక నేను సరిగ్గా కొలిచింది ఈ ఒక్కసారే.

తొలకరికి ఉరిమితే నేల అదురుతుంది. నాలో గింజలు ఒకసారి కదులుతాయి. అప్పుడు పక్క మట్టిలో ఎవరో ఇటు ఒత్తిగిలి చెవి పెట్టినట్టుంటుంది.