మంచును వెనక్కి పిలిచిన అగ్రఫేనా

ఇలా పొయ్యి పక్కకు జరుగు, పిల్లా. వల తర్వాత అల్లుకోవచ్చు, ముందు ఇది విను. మా అక్క అగ్రఫేనా ఓడెక్కి మంచు దగ్గరకు వెళ్ళిన సంగతి. నువ్వప్పటికి పుట్టలేదు. మీ అమ్మ డెల్ఫీన్ అక్కడే ఉంది కానీ, అది ఈ మాట ఎత్తదు.

మన అఖాతం చివర ఉన్న మంచునది మన వంశానిది. మా ముత్తవ్వల కాలంలో అది ఇళ్ళ మీదికే నడిచి వచ్చేదట. అందుకని ప్రతి వసంతంలో, సీల్ వేటకు పడవలు కదిలే ముందు, వంశంలోని పెద్దావిడ ఒడ్డున నిలబడి, "తాతా, అక్కడే ఉండు, మా పిల్లల మీదికి రాకు" అని బతిమాలుకునేది. మంచును మనం తాత అనే పిలుస్తాం, దానికి చెవులున్నాయి. దాని ముందు గట్టిగా మాట్లాడం, నవ్వం, కొవ్వు వేయించం. అమ్మ పోయాక ఆ మాట చెప్పే పని అక్కకు వచ్చింది. ఏ ఏడూ మానలేదు.

తాత విన్నాడు. విని అక్కడే ఆగలేదు, వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు. ఒడ్డు నుంచి కనబడడం మానేశాడు. సీళ్ళు పిల్లల్ని కనే మంచుపలకలు తగ్గిపోయాయి. కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు గాలి వేడెక్కిందన్నారు. అక్క కాదనలేదు. కానీ రావద్దన్నది మనం కాబట్టి రమ్మనాల్సిందీ మనమేనంది. గుండె నీరసించి కాళ్ళు వాచిన ఆ వేసవిలో ఆమెకు అదొక్కటే కోరిక. పోయేలోగా తాత ఎదురుగా నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

పైగా అంతకుముందే తుంటి కూడా విరిగిన మనిషి, చిన్న పడవలో ఎలా కూర్చుంటుంది? మీ అమ్మ అప్పట్లో అలాస్కా అంతా తిప్పే విహార ఓడలో పని చేసేది. యాత్రికులకు మైకులో మన వాళ్ళ గురించి చెప్పడం దాని ఉద్యోగం. అదే ఎవరినో పట్టుకుని మా ఇద్దరికీ చోటు ఇప్పించింది.

ఓడ మీద అక్క హుషారుగానే ఉంది. వేడినీళ్ళ తొట్టిలో గ్లాసులు పట్టుకుని కూర్చున్న వాళ్ళను చూసి, "వీళ్ళను ఉడకబెట్టి ఎవరికి పెడతారే?" అని నా చెవిలో అడిగింది. సాల్మన్ ముక్క నోట్లో పెట్టుకుని, ఈ చేపను రెండుసార్లు చంపారంది. అఖాతం మలుపు తిరగగానే మాత్రం ఆమె గొంతు తగ్గింది. నాదీ తగ్గింది. మిగతావాళ్ళవి తగ్గలేదు.

ఓడ చాలా దూరంలోనే ఆగింది. పలకల మీద సీల్ పిల్లలున్నాయి, ఇంకా దగ్గరికి పోకూడదని మీ అమ్మ చెప్పింది. మా చిన్నప్పుడు తాత నీలంగా, ఆకాశానికి ఆనుకుని ఉండేవాడు. ఇప్పుడు ఒక్క అంచు నీళ్ళను తాకుతోంది, మిగతా ఒళ్ళంతా నల్లరాయి మీద మాసిన దుప్పటిలా పడి ఉంది.

"ఇక్కణ్ణించి నా గొంతు పోదు. ఆ మైకు ఇలా ఇయ్యవే," అంది అక్క మీ అమ్మతో.

అది భయపడుతూనే పై అధికారిని అడిగింది. ఆయన సంతోషంగా సరేనన్నాడు, యాత్రికులకు సరదాగా ఉంటుందని.

అక్క కర్ర నా చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని మన భాషలో చెప్పింది. "తాతా, నేను అగ్రఫేనాని. రావద్దన్నాం. ఇంక చాలు. మా ఇళ్ళ మీదికి వచ్చినా ఫర్వాలేదు, రా."

జనం చప్పట్లు కొట్టారు. ఏదో దీవెన అనుకున్నారు పాపం. ఆమె ఇంకో మాటకు నోరు తెరిచేలోగా ఆ మిగిలిన అంచు విరిగి నీళ్ళలో పడింది. ఉరిమినట్టయింది. ఓడంతా ఈలలు, కేకలు. ఇంకోటి పడితే బాగుండునని ఒకాయన కెమెరా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

అక్క మైకు దించేసింది. "వినపడి ఉంటుందంటావా?" అంది.

"వినపడింది అక్కా," అన్నాను.

"అయితే ఇంకా ఘోరమే. ఈ చప్పట్లు కూడా వినే ఉంటాడు."

తిరుగు దారిలో ఆమె కుర్చీని మంచు వైపు తిప్పనివ్వలేదు. చలికాలం రాకముందే పోయింది. మరుసటి వసంతంలో ఒడ్డున నిలబడే వంతు నాది. ఉండమనడానికి నోరు రాలేదు, రమ్మనడానికీ రాలేదు. ఊరికే నిలబడి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఎవరూ వెళ్ళలేదు. చూడ్డానికేమీ లేదని ఇప్పుడు ఓడలు కూడా అటు రావడం లేదు.

రేపు నీకు పిల్లలు పుడితే ఇది చెప్పు. తాత ఎంత ఉండేవాడో నువ్వు చూడలేదు, అది చెప్పలేవు. మా అక్క ఏమని పిలిచిందో మాత్రం ఒక్క ముక్క పోకుండా చెప్పు. చెప్పేటప్పుడు వాళ్ళను నవ్వనివ్వకు.